ఉప్పు పొట్లాల సంగతి: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం ఏడో తరగతి సైన్స్ పీరియడ్‌లో చేసిన ఉప్పు పరీక్ష (ఉప్పులో అయోడిన్ ఉందో లేదో చూసేది) మీద వాట్సాప్ గ్రూపులో వారమంతా చర్చ నడుస్తోందని విన్నాను. "మనింటి ఉప్పు మంచిది కాదట అంటూ పిల్లాడు అన్నం ముందు అలిగి కూర్చున్నాడు మేడమ్" అని ఒక అమ్మగారు నాకే ఫోన్ చేశారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంటి నుంచి చెంచాడు ఉప్పు పొట్లం కట్టి తెమ్మన్నాం. టెస్ట్ కిట్‌లోని చుక్క పడగానే అయోడిన్ ఉన్న ఉప్పు నీలంగా మారుతుంది. ప్యాకెట్ ఉప్పు చాలావరకు మారింది. బండి మీద కొన్న రాళ్ల ఉప్పు, ఈమధ్య ఫ్యాషనైపోయిన సైంధవ లవణం మారలేదు. కొన్ని ప్యాకెట్ ఉప్పులూ లేత రంగు దగ్గరే ఆగిపోయాయి. ఏమిటా అని అడిగితే, ఉప్పుగిన్నె పొయ్యి పక్కనే మూత లేకుండా ఉంటుందని పిల్లలే చెప్పారు. వేడికీ చెమ్మకీ అయోడిన్ పోతుంది. మన విశాఖ గాలిలో చెమ్మకేం తక్కువ? దయచేసి మూత పెట్టండి. ఇది చెప్పడానికి ఉత్తరం రాయాల్సి రావడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

ఎవరి పొట్లం ఎలా తేలిందో టీచర్లు బయటపెట్టలేదు. పిల్లలు వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు. దానికి నొచ్చుకున్నవారు మన్నించండి. పరీక్ష మాత్రం మళ్లీ చేస్తాం.

జాలరిపేట నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, "ఉప్పు సముద్రం నీళ్లతోనే కదా చేస్తారు, మరి అందులో అయోడిన్ ఎందుకుండదు మేడమ్?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! సముద్రపు నీటిలో అయోడిన్ ఉండేదే బహు కొంచెం, ఉప్పు గడ్డకట్టేటప్పుడు అది కూడా దాదాపుగా వెంట రాదు. అదే నీటిలో పెరిగే చేపల్లో మాత్రం బాగా ఉంటుంది. ఇంకో అమ్మాయి, పెద్దవాళ్లకు రోజుకు కావలసిన 150 మైక్రోగ్రాములను 70 ఏళ్లకు లెక్కగట్టి, మొత్తం కలిపినా 4 గ్రాములు లేదని బోర్డు మీద వేసి చూపించింది. ఆ లెక్క నేను చెరపనివ్వలేదు, ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ కాస్తా అందకపోతే గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి హార్మోన్ చేయలేక ఉబ్బుతుంది. గర్భిణికి అందకపోతే కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. అందుకే వాళ్లకు రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలి. మన శ్రీకాకుళంలో పుట్టి, మన ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు 1956లో హిమాలయాల్లోని కాంగ్రా లోయకు వెళ్లారు. అక్కడ ఊరూరా గొంతు వాపులే, అంటే గాయిటర్. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇప్పించారు. కొన్నేళ్లకు ఆ రెండు చోట్లా వాపులు తగ్గాయి. దేశమంతటికీ 1962లో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చిందంటే ఆ పని చలవే. ఈ మహానుభావుడి పేరు మన పిల్లల్లో ఒక్కరికీ తెలియదంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దయచేసి ఇంట్లో చెప్పండి.

"అయోడిన్ ఉప్పు వల్లే థైరాయిడ్ వస్తోంది" అని రాత్రి పదకొండింటికి గ్రూపులో ఫార్వర్డ్ పెట్టిన పెద్దలకు ఒక మనవి. మన దేశంలో ఉప్పులో అయోడిన్ కలిపేది, ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం (అంటే కిలో ఉప్పుకు 15 మిల్లీగ్రాములు) మిగలాలన్న లెక్కతో. మరీ ఎక్కువైనా మంచిది కాదు, నిజమే. ఇప్పటికే థైరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు డాక్టరును అడగండి, ఫార్వర్డును కాదు. అలాగని ఉప్పు ఎక్కువ తినమనీ చెప్పడం లేదు, రోజుకు 5 గ్రాముల లోపే మేలు. టిఫిన్ బాక్సులో గుడ్డు వాసనొస్తుందని మానేసి చిప్స్ పెడుతున్నారు. గుడ్డులో, పాలలో, చేపలో కూడా అయోడిన్ ఉందని గుర్తుంచుకోండి.

రెండో విడత ఫీజు 10వ తేదీలోగా కట్టండి. పరీక్షల టైంటేబుల్ డైరీలో అతికించాం. శనివారం తెల్ల యూనిఫాం.

వచ్చే సోమవారం మళ్లీ ఉప్పు పరీక్ష ఉంది. ఈసారి పొట్లం మూత ఉన్న డబ్బాలోంచి తీసి కట్టి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు