పాలకొల్లు బొమ్మల పంచాయితీ

ఒరేయ్ బుల్లోడా,

ముందు తిట్టుకో, తరవాత చదువు. నీ మెసేజులన్నీ చూశా, జవాబు మాత్రం ఇవ్వలేదు, ఎందుకంటే ఇది ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పంపే విషయం కాదు, కూర్చుని తీరిగ్గా రాయాలి, ఆ తీరికే దొరకలేదు. ఊడుపులు, తరవాత వాన, తరవాత వరద, తెలుసుగా శ్రావణం ఎలా ఉంటుందో.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. నాన్న కంటి ఆపరేషన్ అయింది, పేపర్ చదువుతున్నారు. చెల్లి సంబంధం దాదాపు ఖాయం, వివరాలు అమ్మ మీ అమ్మగారికి ఫోన్ చేసి చెప్తానంది. గోదావరి దాటించే ముక్తేశ్వరం పంటు ఆపేశారు, నీళ్లు తగ్గితే మళ్లీ తిప్పుతారు. పంటు అనగానే నీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు, ఆ ఎర్ర సంచీ గురించి ఇక్కడ రాయను, అమ్మ చదివినా చదువుతుంది. సరే ఇవన్నీ వదిలెయ్.

అసలు విషయం. మొన్న ఆదివారం మన ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు, అదే బండి కాస్తా రోబోగా మారేవి, ముందేసుకుని పాలకొల్లు బావ ఇంట్లో అందరం కలిశాం. చించినాడ వంతెన దాటేసరికే వాన కుమ్మేసింది, తడిసి ముద్దయి వెళ్లా, కానీ వెళ్లకపోయుంటే జన్మంతా బాధపడేవాణ్ణి. అక్క కొబ్బరన్నం, రొయ్యల ఇగురు చేసింది. అన్నం అలాగే చల్లారిపోయిందిరా, ఎవడూ బల్ల దగ్గర్నుంచి లేవలేదు.

బావ దగ్గరున్న ఐరన్‌హైడ్ గుర్తుందిగా? కువైట్ బాబాయి చిన్నప్పుడు తెచ్చిచ్చిన ఎర్ర వ్యాను. పెట్టె ఎప్పుడో పోయింది, స్టిక్కర్లు సగం లేచిపోయాయి, కానీ రేకు బరువు అలాగే ఉంది, చేతిలో పెట్టుకుంటే తెలుస్తుంది. రావులపాలెం అన్నయ్య తన ఐరన్‌హైడ్ పట్టుకొచ్చాడు, జపాన్ బొమ్మల కంపెనీ టకారా టోమీ వాళ్లు పాత బొమ్మనే ఎన్‌కోర్ పేరుతో మళ్లీ వేసింది, నిగనిగలాడుతోంది. రెండూ పక్కపక్కన పెట్టి రోబోలుగా మార్చారు. ఇంకేముంది, మొదలైంది.

నీకు తెలుసుగా, పాతదానికి తలకాయ లేదు. వ్యాను ముందుభాగం పైకి లేస్తుంది, అద్దం వెనక ఒక సీటు, ఆ సీటు మీద మొహం బొమ్మ స్టిక్కరు. అంతే, అదే తల. 1984లో అమెరికాలో కార్టూన్ వచ్చినప్పుడు అందులో ఐరన్‌హైడ్‌కి శుభ్రంగా తల గీశారు, పిల్లలేమో బొమ్మ కొనుక్కుని తల ఏదని ఏడ్చుంటారు. ఎన్‌కోర్‌లో ఆ లోటు తీర్చారు, కార్టూన్‌లో ఉన్నట్టే కొత్త తల చేసి పెట్టారు. అన్నయ్య మొహం వెలిగిపోతోంది. "ఇన్నేళ్లకి వీడికి న్యాయం జరిగింది" అన్నాడు. బావ ఒక్కసారి లేచి నిలబడ్డాడు. "న్యాయం కాదురా, వీడి ఇంట్లోంచి మనిషిని గెంటేశారు" అన్నాడు.

నాకు అప్పుడు అర్థం కాలేదు. నువ్వుంటే వెంటనే పట్టేసేవాడివి.

అన్నయ్య వాదన కొట్టిపారేసేది కాదు, అది కూడా రాస్తా. మళ్లీ వేసేటప్పుడు పాత తప్పు దిద్దితే తప్పేంటి అంటాడు. పైగా మళ్లీ వేసినవన్నీ ఎప్పుడూ కాస్తో కూస్తో మారుతూనే వచ్చాయి, 2002లో అమెరికాలో లారీగా మారే ఆప్టిమస్ ప్రైమ్‌ని మళ్లీ దించినప్పుడు పిల్లలకి గుచ్చుకుంటాయని లారీ పొగగొట్టాలు కురచ చేసేశారు, మెగాట్రాన్‌నైతే అచ్చం పిస్తోలులా ఉంటుందని అక్కడ దించనే లేదు, జపాన్‌లో మాత్రం వేసుకున్నారు. అలాంటప్పుడు తలకాయ పెడితే వచ్చిన నష్టమేంటి, కురచ చెయ్యడం కంటే ఇది నయం కదా అని. నేను కూడా తలూపా ఆ క్షణానికి.

ఈలోగా భీమవరం తమ్ముడు దిగాడు. చెరువుల్లో ఈసారి కౌంటు బాగా వచ్చిందట, కుర్రాడు మంచి ఊపు మీదున్నాడు. కారు డిక్కీలోంచి ఫోర్ట్రెస్ మాక్సిమస్ తీశాడు, నగరంగా మారే రోబో, 2016 నాటిది, టైటన్ అనే పెద్ద సైజు, రెండడుగులు. బల్ల మీద పెట్టేసరికి ఐరన్‌హైడ్‌లు రెండూ వాడి కాలి దగ్గర వేళ్లలా అయిపోయాయి. ఇక రెండో తగువు, సైజు తగువు. అది తెలుసుగా, మనవాళ్లలో ఎప్పుడు రేగినా కనుమ నాడు జగ్గన్నతోటలో మా ఊరి ప్రభ ఎత్తంటే మా ఊరిది ఎత్తని వాదించుకున్నట్టే ఉంటుంది.

అన్నయ్య ఫోన్లో చార్టు తీశాడు. కార్టూన్ ప్రకారం ఎవడు ఎవడి భుజం దాకా రావాలో గీసి పెట్టుకున్న చార్టు. కార్టూన్‌లో ఉన్నట్టే చేసే మాస్టర్‌పీస్ వరస బొమ్మలంటే ప్రాణం వాడికి. 2003లో వచ్చిన మొదటి ప్రైమ్ చాలా పెద్దదైపోయింది, దాని పక్కన కార్లు పెట్టడానికి కుదరదు, అందుకే 2011లో ఎంపీ-10 అనే కొత్త ప్రైమ్‌ని చిన్నగా చేసి ఇక మీదట వచ్చే కార్లన్నీ దానితో సరిపోయేలా వేసుకొచ్చారు, అదీ పద్ధతంటే, అంటాడు. మరి తమ్ముడు తెచ్చినదేంటి? మాక్సిమస్ రెండడుగులు, 2013లో వచ్చిన మెట్రోప్లెక్స్ రెండడుగులు, 2019లో వచ్చిన ఒమెగా సుప్రీమ్ రెండడుగులు. నగరాలుగా మారేవాళ్లూ, రాకెట్ స్టేషన్‌గా మారేవాడూ అందరూ ఒకే ఎత్తా? అది సైజు కాదు, రేటు అన్నాడు. ఆ మాట మాత్రం నిజంరా, టైటన్ అన్నది ఒక ధర, ఆ ధరకి ఎంత ప్లాస్టిక్ వస్తే అంత ఎత్తు.

తమ్ముడు ఒప్పుకోలేదు. 1987 మాక్సిమస్ కూడా దాదాపు రెండడుగులేగా, 1986 మెట్రోప్లెక్స్ దాని పక్కన పిల్లాడిలా ఉండేవాడు, అప్పుడు మాత్రం ఏ చార్టు చూసి చేశారు అన్నాడు. అదీ కాక యూనిక్రాన్ సంగతేంటి అన్నాడు. 2019లో చందాలు పోగేసి చేశారే, ఎనిమిది వేల మంది ముందే డబ్బు కడితేగానీ చెయ్యమని, ఒక్కోటి 575 డాలర్లు, గడువు కూడా పెంచి మరీ లెక్క చేరుకున్నారు. గ్రహాల్ని మింగేవాడు వాడు, ఎత్తు 27 అంగుళాలు. చార్టు ప్రకారమైతే పాలకొల్లు క్షీరారామ గోపురం కూడా చాలదు వాణ్ణి నిలబెట్టడానికి, మరి అందరూ ఎందుకు కొన్నారు అని. అన్నయ్యకి కోపం వచ్చేసింది, నిజంగానే, మొహం ఎర్రబడింది, నాకు భయమేసింది వీళ్లు మళ్లీ ఆ కాజాల రోజులా చేస్తారేమోనని. (నువ్వు ఇప్పుడు నవ్వుతున్నావు, నాకు తెలుసు.)

అప్పుడు బావ లోపలికెళ్లి ఒక అగ్గిపెట్టె తెచ్చాడు. అందులో దూది. దూదిలో ఒక మనిషి.

బుల్లోడా, నీకు ఎలా చెప్పాలి. అంగుళం పైచిలుకు. పాత డయాక్లోన్ పైలట్టు! 1980లో టకారా మొదలెట్టిన డయాక్లోన్ బొమ్మల వరసలో బళ్లకి ఇలాంటి బుల్లి మనుషులు వచ్చేవారు, నెత్తిన హెల్మెట్టు, కాళ్లు వంగుతాయి, పాదాల్లో అయస్కాంతం. ఒకటికి అరవై వంతు, అంటే అచ్చం ఒక మనిషిని అరవై రెట్లు చిన్నది చేసినట్టు. వచ్చి చాలా రోజులైందట, ఎవరికీ చెప్పలేదు, మనందరం కలిసినప్పుడే తియ్యాలని దాచుకున్నాడు. నువ్వు లేవని ముందు తియ్యనన్నాడు కూడా, అక్క బతిమాలితే తీశాడు.

ఆ మనిషిని రెండు వేళ్లతో పట్టుకుని తన పాత ఐరన్‌హైడ్ సీట్లో, ఆ మొహం స్టిక్కరు మీద, మెల్లిగా కూర్చోబెట్టాడు. ఒరేయ్ సరిగ్గా కూర్చున్నాడురా. కాళ్లు ముందుకి, వీపు స్టిక్కరుకి ఆని, అద్దం ఎదురుగా. అది మొహం పెట్టడం కోసం చేసిన చోటు కానే కాదు, డ్రైవరు కోసం చేసిన సీటు! మనకి తెలుసు అది, చదివాం, ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం, అమెరికా కంపెనీ హాస్బ్రో వాళ్లు 1984లో టకారా బొమ్మలు తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టి ఇవి ప్రాణమున్న రోబోలు అని కథ అల్లారు, లోపలుండే మనుషుల్ని తీసేశారు, సీట్లు మాత్రం అలాగే మిగిలిపోయాయి అని. కానీ తెలియడం వేరు, చూడటం వేరు. అది తలలేని రోబో అని ఇన్నాళ్లూ జాలిపడ్డాం. అది మనిషి నడిపే బండి, మనిషే దాని తల.

అన్నయ్య ఏమీ మాట్లాడకుండా ఆ పైలట్టుని తీసి తన కొత్తదానిలో పెట్టి చూశాడు. తలకాయ ఉన్న చోట చోటెక్కడిది. బావ అన్న మాట అప్పుడు తలకెక్కింది అందరికీ.

ఇక్కడితో అయిపోలేదు. తమ్ముడు ఆ పైలట్టుని ఐరన్‌హైడ్ రేకు మీద నిలబెట్టబోయాడు, అయస్కాంతం కదా అని. అంటుకోలేదు, పడిపోయాడు. బావ నవ్వి, అది ఇనుము కాదురా, డై కాస్ట్ అంటే జింకు, అంటుకోదు అన్నాడు. తమ్ముడు ఊరుకుంటాడా, గదంతా తిరిగి చివరికి అక్క బీరువా తలుపుకి అంటించాడు. టక్కున నిలబడ్డాడు వాడు, నేలకి అడ్డంగా, తాళం చెవి పక్కన. అందరం వెనక్కి జరిగి చూశాం. నేను లెక్క వేశా. ఆరున్నర అడుగుల బీరువా. అరవైతో గుణిస్తే వాడికది 390 అడుగులు.

చూశావా! వాడి పక్కన ఏది పెడితే అది రాక్షసి అయిపోయింది. మాక్సిమస్‌ని తెచ్చి నగరంగా విప్పి, ఆ ర్యాంపు మొదట్లో వాణ్ణి నిలబెట్టాం. రెండడుగులు వాడికి 120 అడుగులు. మన అమలాపురంలో అంత మేడ ఉందా? అప్పటిదాకా ఆ మాక్సిమస్ నాకు ఒక పెద్ద ప్లాస్టిక్ బొమ్మ, ఆ క్షణం నుంచి మెడ ఎత్తి చూడాల్సిన వస్తువు. కళ్లు బల్ల అంచుకి ఆనించి చూశాం అందరం, నలభై దాటిన బావతో సహా.

నేను అప్పుడు అన్నదే నీకూ చెప్తున్నా, దీన్ని గట్టిగా నమ్ముతున్నా. రోబో పక్కన రోబోని పెట్టి కొలిస్తే ఎప్పటికీ తెగదు. ఎందుకు తెగదంటే పుట్టుకలోనే రెండు కొలతలున్నాయి. డయాక్లోన్‌వి మనిషి ఎక్కే బళ్లు, 1983లో వచ్చిన మైక్రో చేంజ్ అనే ఇంకో వరసవి అసలు సైజు వస్తువులు, పిస్తోలు పిస్తోలంత, మైక్రో క్యాసెట్ మైక్రో క్యాసెట్ అంత. ఆ రెండిటినీ ఒకే కథలోకి తోశారు. మెగాట్రాన్ పిస్తోలుగా మారి ఇంకొకడి చేతిలో ఎలా పట్టాడో, సౌండ్‌వేవ్ అనే రోబో టేపురికార్డరంత ఎలా అయ్యాడో ఏ చార్టూ చెప్పదు. పెద్దతనం ఎత్తులో లేదురా, దాని గుమ్మంలో నిలబడే మనిషిలో ఉంది. పాత మాక్సిమస్‌తో కాగ్ అనే బుడతణ్ణి, మెట్రోప్లెక్స్‌తో స్కాంపర్‌ని ఎందుకు ఇచ్చారు మరి? వాళ్లుంటేనే మిగతాది నగరంలా కనపడుతుంది.

అన్నయ్య ఒప్పుకున్నాడా అంటే, సగం. సైజు సంగతి సరేగానీ తలకాయ ఉండాల్సిందే, కార్టూన్ చూసి పెరిగినవాడికి డ్రైవరు అక్కర్లేదు, ఐరన్‌హైడే కావాలి అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రాణమున్నవాడు అనుకుంటే లోపల ఇంకో మనిషి ఎందుకు నిజమే కదా, బండి అనుకుంటే... ఇది నువ్వూ నేనూ కూర్చుని మాట్లాడుకోవాలి. నాకైతే మళ్లీ వేసేవాళ్లు రెండూ ఇవ్వాలనిపిస్తోంది, సీటు సీటుగా వదిలి, తల విడిగా పెట్టి, కావలసినవాడు పెట్టుకుంటాడు. పాత మూసని మాత్రం ముట్టుకోకూడదు. బావకి చెప్తే విడి తల కూడా వద్దన్నాడు. బావ సంగతి తెలుసుగా.

ఆ పైలట్టుకి నీ పేరే పెట్టాం. బుల్లోడు. బావే పెట్టాడు, నేను కాదు. ఇప్పుడు బీరువా తలుపు మీదే ఉన్నాడు, అక్క చీరలు తీసుకోవాలన్నా వాణ్ణి అడిగి తియ్యాలట.

ఇప్పుడు నీతో పని. నీ రాచెట్ ఉందిగా, ఐరన్‌హైడ్ అచ్చే కదా అది, తెల్లది. ముందు అది ఇంకా తెల్లగా ఉందో పచ్చబడిందో చెప్పు, ఎండ తగిలే చోట పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పా. తరవాత సీటు దగ్గర ఫోటో తీసి పంపు, స్టిక్కరు ఊడిందా లేదా కనపడేలా. స్టిక్కరు మాత్రం పీకొద్దు! దసరాకి వస్తావుగా, అది తీసుకురా, బుల్లోణ్ణి అందులో కూడా కూర్చోబెడదాం, బావ ఒప్పుకున్నాడు, అన్నయ్య కూడా వస్తానన్నాడు, తమ్ముడేమో అప్పటికి 1987 మాక్సిమస్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తానంటున్నాడు, దొరికితే రెండిటినీ పక్కపక్కన పెట్టి...

కరెంటు పోయింది, ఫోన్లో ఛార్జింగ్ కూడా అడుగంటింది, పంపేస్తున్నా. ఫోటో మర్చిపోకు, సీటు దగ్గరగా తియ్యి