ఛలానాలో ఆమె పేరు ఉందో లేదో ఎవరు చూడాలి?

సంపాదకులకు నమస్కారం.

నగరపాలక ఉద్యోగుల జీతాలు, వైద్యం ఖర్చు ఖజానాకు భారమైపోతున్నాయన్న మాట ఈ మధ్య తరచుగా వింటున్నాను. నేను నగర శివారులోని ఒక పురపాలక కార్యాలయంలో, లెక్కల విభాగంలో 29 ఏళ్లు పనిచేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. జీతాల బిల్లులు, ఏజెన్సీ బిల్లులు నా చేతి మీదుగానే వెళ్లేవి. ఖర్చు అదుపులో ఉండాలనే వాళ్లతో నాకు పేచీ లేదు. అది జనం ఇంటిపన్నుగా కట్టిన డబ్బు. అయితే వైద్యం మీద మిగిలిందనుకున్న డబ్బు చివరికి ఎవరి నెత్తిన పడుతోందో మా వీధిలోనే చూశాను. అందుకే ఈ ఉత్తరం.

రామ్‌నగర్‌లో మా వీధి ఊడ్చే ఆమె తొమ్మిదేళ్లుగా నాకు తెలుసు. పని నగరపాలక సంస్థది, జీతం ఇచ్చేది మాత్రం కాంట్రాక్టు ఏజెన్సీ. పొద్దున ఐదున్నరకల్లా చీపురు చప్పుడు వినిపించేది. పోయిన వానాకాలంలో ఒకరోజు, డ్యూటీలో ఉండగానే, మలుపు దగ్గర బైకు గుద్ది పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. కొడుకు ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆమె బీమా నంబరు మీద ఏడు నెలలుగా చందా పడలేదని అక్కడ తేలింది. ప్రమాదం జరిగినట్టు కాగితం రాసివ్వమని అడిగితే ఏజెన్సీ సూపర్‌వైజర్ ఫోనెత్తలేదు. చేయి వాచిపోతోంది. ఎంతసేపని చూస్తారు? ప్రైవేటు ఆసుపత్రిలో ప్లేటు వేయించారు. 72 వేలు అయింది. పుస్తెలతాడు కుదువపెట్టి కొంత, నూటికి మూడు వడ్డీకి కొంత తెచ్చారు. మూడు నెలలు పనికి పోలేదు, జీతం రాలేదు.

చేతికి కట్టుతో మా ఇంటికొచ్చి ఆమె అడిగిన మాట ఇది. "జీతంల ఈఎస్‌ఐ అని నెలనెలా కోస్తనే ఉన్నరు గదమ్మా. మరి నా పైసలు పడలేదంటరేంది?"

ఆమె పే స్లిప్పు చూశాను. జీతం 18,500. ఈఎస్‌ఐ కింద నెలకు 139 రూపాయలు కోసుకున్నారు. కార్మికుల వాటా నూటికి 0.75, యజమాని వాటా 3.25. 2019 జులై నుంచి ఇవే రేట్లు. ఆ లెక్కన ఏజెన్సీ తన వంతు మరో 602 రూపాయలు కలిపి కట్టాలి. రెండూ కలిపి నెలకు 741. ఏడు నెలలకు 5,187 రూపాయలు. ఆ డబ్బు కట్టి, ప్రమాదం కాగితం ఇచ్చి ఉంటే వైద్యం మొత్తం ఉచితంగా జరిగేది. పని మీద తగిలిన దెబ్బ కాబట్టి, ఇంట్లో ఉన్న రోజులకు జీతంలో నూటికి 90 వంతులు కూడా చేతికొచ్చేవి. నిజానికి డ్యూటీలో దెబ్బ తగిలితే ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు కూడా లేదు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు. నాకు తెలిసేసరికి ఆపరేషన్ అయిపోయింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. సర్వీసులో ఉండగా ఏజెన్సీ బిల్లు వస్తే దానికి జతచేసిన ఈఎస్‌ఐ ఛలానా, అంటే చందా కట్టిన రసీదు, చూసేవాళ్లం. మొత్తం సరిపోతే సంతకం పెట్టి పంపేసేవాళ్లం. ఛలానా వెనుక పేర్ల జాబితా ఉంటుంది. దాన్ని మస్టరుతో, అంటే హాజరు పట్టీతో, పోల్చి చూడమని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒకసారి అనుమానమొచ్చి చూస్తే, 64 మందికి బిల్లు పెట్టిన చోట జాబితాలో 58 పేర్లే ఉన్నాయి. అందులోనూ కొందరు వేరే చోట పనిచేసేవాళ్లు. ఆ బిల్లు ఆపాను. అంతకుముందు నేను పాస్ చేసినవాటిలో ఎన్ని ఇలాంటివో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

కాంట్రాక్టరు కట్టకపోతే పని చేయించుకునే అసలు యజమానే కట్టాలి, ఆ తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి రాబట్టుకోవాలి. ఈఎస్‌ఐకి చట్టం పెట్టిన పద్ధతి అదే. కాబట్టి ఏజెన్సీకి అప్పజెప్పాం, మా బాధ్యత తీరిపోయిందని ఏ పురపాలక సంస్థా అనడానికి వీల్లేదు.

జీతాలు పెరగలేదని నేను అనను. 2015 జులైలో హైదరాబాద్ నగరపాలక పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసి, వీధుల్లో చెత్త కుప్పలు పేరుకుపోయాక 8,500 ఉన్న జీతం 12,500 అయింది. 2020 దీపావళికి 14,500 నుంచి 17,500కు పెంచారు. 2023 మే డేకు మరో వెయ్యి కలిసింది. ప్రతిసారీ ఖజానా మీద ఎంత భారమో లెక్క చెప్పారు. ఆ జీతం వెనుక ఉండాల్సిన ఆరోగ్య రక్షణ సంగతి మాత్రం చర్చకు రాలేదు.

ముందు ముందు ఇంకో చిక్కు ఉంది. ఈఎస్‌ఐకి జీతం పరిమితి 21,000. 2017 జనవరిలో పెట్టిన పరిమితి అది. ఓవర్‌టైమ్ దీనిలోకి రాదు కానీ, జీతం ఒక్క రూపాయి దాటినా ఆ ఆరు నెలల చందా కాలం ముగిశాక కార్మికులు ఈఎస్‌ఐ పరిధిలోంచి బయటికి వస్తారు. ఆమె జీతం ఇంకో 2,501 రూపాయలు పెరిగితే భర్తకు, పిల్లలకు కూడా ఉన్న వైద్యం పోతుంది. అప్పుడు ఏజెన్సీకి 3.25 శాతం వాటా మిగులుతుంది. బడ్జెట్ కాగితం మీద అది తగ్గిన ఖర్చులాగే కనిపిస్తుంది. ఆమె ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీయో ఉంటే, పెరిగిన జీతం మందుల షాపుకే చాలదు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు, మంచి పని. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు. నెలనెలా వేసుకునే మందులు, పని మానుకున్న రోజుల కూలి దాంట్లో రావు. పైగా దానికి ఆధారమైన తెల్ల రేషన్ కార్డుకు పట్టణాల్లో ఏడాది ఆదాయ పరిమితి 2 లక్షలు. 18,500ను పన్నెండుతో గుణిస్తే 2,22,000. అనర్హుల ఏరివేత మొదలైతే ఆ కార్డూ నిలుస్తుందో లేదో అని వాళ్లకు టెన్షనే.

రెగ్యులర్ ఉద్యోగులు, పెన్షనర్ల బాధ వేరు. ముందు సొంత డబ్బు కట్టి, డిశ్చార్జి అయ్యాక దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ వైద్యం అవసరమేనని ఆసుపత్రి ఇచ్చేది), నాన్ డ్రాయల్ సర్టిఫికెట్ (ఆ డబ్బు ముందే తీసుకోలేదన్నది) పట్టుకుని తిరగాలి. అయినా మాకు ఒక ఫైలంటూ ఉంటుంది, అడగడానికి సంఘం ఉంటుంది. నిజంగా నగదు లేకుండా వైద్యం అందే పథకం పెడితే నా పెన్షన్‌లో నూటికి ఒక రూపాయి సంతోషంగా ఇస్తాను. నాతో రిటైరైనవాళ్లలో చాలామంది ఇదే మాట అంటున్నారు.

అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చు పనేమీ కాదు. ఏజెన్సీ బిల్లు పాస్ చేసే ముందు ఛలానా జాబితాలోని పేర్లను ఆ నెల హాజరుతో పోల్చండి. హాజరు ఎలాగూ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఒక గుమాస్తాకు పూట పని. పేరు లేని వాళ్ల చందాను బిల్లులోంచి కోసి నేరుగా కట్టండి. మళ్లీ జీతం పెంచే రోజున 21,000 దాటేవాళ్లకు వైద్యం ఎవరు చూస్తారో కూడా అదే ఉత్తర్వులో రాయండి. 21,000 జీతం మీద నెలకు మనిషికి 683 రూపాయల యజమాని వాటా అప్పటిదాకా కడుతూనే ఉంటారు కదా, ఆ డబ్బునే దానికి మళ్లించవచ్చు.

ఆమె మళ్లీ పనిలో చేరింది. చీపురు ఎడమ చేత్తో పడుతోంది. ఆగిన చందా కట్టించమని మేమిద్దరం కలిసి ఫిర్యాదు రాసి ఇచ్చాం, రసీదు నా దగ్గర ఉంది. ఈ నెల జీతం పడ్డాక ఆమె ఐపీ నంబరు (ఈఎస్‌ఐ బీమా నంబరు) కొట్టి మళ్లీ చూస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పురపాలక ఉద్యోగిని,
రామ్‌నగర్, హైదరాబాద్