లవంగ నూనె సీసా మీద ఏం రాసి ఉండాలి?

సంపాదకులకు నమస్కారం.

పంటి నొప్పికి లవంగ నూనె, దోమలకు లవంగ నూనె, జలుబుకు లవంగ నూనె, పళ్ళొస్తున్న పసిపాప చిగుళ్ళకూ లవంగ నూనే. మీ పత్రికతో సహా తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీల్లో ఈ చిట్కాలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. "రెండు చుక్కలు వేస్తే చాలు" అంటారు. ఎంత చిక్కని నూనె, దేంట్లో కలపాలి, ఎవరికి వేయకూడదు అన్నది మాత్రం ఉండదు. ఉద్యోగమంతా ఆసుపత్రిలో మందుల కౌంటర్ వెనక గడిపిన ఫార్మసిస్టుని కాబట్టి ఆ రెండు చుక్కల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

లవంగ నూనె పనిచేయదని నేననడం లేదు. బాగానే పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే. అందులో 70 నుంచి 90 శాతం దాకా యూజినాల్ అనే రసాయనం ఉంటుంది. అది నొప్పిని మోసే నరాలను కాసేపు మొద్దుబారుస్తుంది, కొన్ని రకాల సూక్ష్మజీవులను చంపుతుంది కూడా. పళ్ళ డాక్టర్ గదిలోకి అడుగుపెట్టగానే గుప్పుమనే వాసన దానిదే. జింక్ ఆక్సైడ్ పొడిని యూజినాల్‌తో ముద్దలా కలిపి పిప్పి పన్నులో తాత్కాలికంగా నింపడం పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్న పద్ధతి, ఇప్పటికీ వాడుతున్నారు. కాకపోతే డాక్టరు దాన్ని కొలిచి, పన్ను ఆరబెట్టి, చిగురుకు తగలకుండా పెడతారు. ఇంట్లో మనం చేసేది వేరు. దూది ముంచి, అది కారుతుండగానే దవడ కింద అదుముకుంటాం. నొప్పి తగ్గకపోతే గంటకోసారి మళ్ళీ పెడతాం. మర్నాటికి చిగురు తెల్లగా కాలిపోయి, పుండు పడి, రెండు నొప్పులతో ఆసుపత్రికి వస్తారు. పైగా నొప్పి తగ్గినంత మాత్రాన పన్ను బాగైనట్టు కాదు. లోపల చీము పడుతున్నా నూనె పుణ్యాన వారం రోజులు తెలియకుండా పోవచ్చు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉన్న మన హైదరాబాద్‌లో ఈ అవస్థ పడాల్సిన పని లేదు.

ఈ మాట ఎవరితో అన్నా వెంటనే ఒక జవాబు వస్తుంది: "మన పెద్దవాళ్ళు వేల ఏళ్ళుగా వాడారు కదమ్మా, వాళ్ళకేమైంది?" నిజమే, వాడారు. నోటికి శుభ్రత, రుచి, సువాసన కావాలనుకునేవారు లవంగాన్ని నోట్లో ఉంచుకోవాలని చరక సంహితలోనే ఉంది. చైనాలో హాన్ వంశపు చక్రవర్తుల ముందు మాట్లాడేటప్పుడు కొలువులోని వాళ్ళు నోట్లో లవంగం పెట్టుకునేవారట. మన తాంబూలం సంగతి చెప్పక్కర్లేదు, కిళ్ళీ విడిపోకుండా గుచ్చేదీ లవంగమే. గమనించండి, వీళ్ళంతా నోట్లో పెట్టుకున్నది ఎండిన మొగ్గని. బట్టీ పెట్టి ఆవిరితో లాగిన నూనెను కాదు.

తేడా ఎంతో లెక్క కడదాం. మంచి ఎండు లవంగంలో బరువులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. లవంగ నూనె నీటికన్నా కాస్త బరువు, నీళ్ళలో వేస్తే అడుక్కి దిగుతుంది. అంటే 10 మిల్లీలీటర్ల సీసా నింపాలంటే సుమారు 60 గ్రాముల లవంగాలు కావాలి. ఒక మామూలు ఇంట్లో గరం మసాలాకి, పులావుకి కొన్ని నెలలపాటు వచ్చే సరుకది. బిర్యానీలో పంటికింద పడ్డ లవంగానికి ఎవరూ భయపడక్కర్లేదు, విసుక్కుని పక్కన పెడితే చాలు. కానీ కొన్ని నెలల లవంగాలు బొటనవేలంత సీసాలోకి దిగి, పిల్లవాడి చేతికందే ఎత్తులో టీవీ పక్కన ఉంటే భయపడాల్సిందే.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం యూజినాల్‌కు పెట్టిన హద్దు రోజుకు శరీర బరువులో కిలోకు 2.5 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 25 మిల్లీగ్రాములన్నమాట. డ్రాపర్ నుంచి పడే ఒక్క చుక్క అచ్చమైన నూనెలోనే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఇది జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదని చెప్పే హద్దే, దాటగానే ప్రాణం పోతుందని కాదు. అసలు ప్రమాదం చెంచాల్లో ఉంది. రెండేళ్ళ బాబు 5 నుంచి 10 మిల్లీలీటర్ల లవంగ నూనె తాగి కోమాలోకి వెళ్ళిపోయిన ఉదంతం 1993లో బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చింది. ఫిట్స్ వచ్చాయి, కాలేయం దెబ్బతింది, రక్తం గడ్డకట్టే గుణం తగ్గిపోయింది. చివరికి ఆ బాబు బతికాడు. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం ఎలా పాడవుతుందో దాదాపు అదే తీరు. అందుకే ఇలాంటి కేసుల్లో పారాసిటమాల్‌కు ఇచ్చే విరుగుడునే డాక్టర్లు వాడిన సందర్భాలున్నాయి. చిగుళ్ళకు రాస్తే ఏమవుతుందనేవారికి ఒకటే మాట: పసిపాప ఉమ్మదు, మింగుతుంది.

చర్మం మీద రాసేవాళ్ళకూ చెప్పాలి. వానాకాలం రాగానే డెంగీ టెన్షన్, దాంతో పిల్లల కాళ్ళూ చేతులకు ఈ నూనె పట్టించే ఇళ్ళు మన ఊళ్ళో తక్కువేమీ కాదు. దోమలు కొన్ని గంటలు దూరంగా ఉంటాయి, కాదనను. అయితే ఆ ఫలితం బాగా కనిపించేది చిక్కటి నూనెతోనే, చిక్కటి నూనె చర్మాన్ని మండిస్తుంది. ఒంటికి రాసేదాంట్లో ఇది అర శాతం మించకూడదని సువాసన తైలాల భద్రత చూసేవాళ్ళు చెబుతారు. 100 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకు అర మిల్లీలీటరు. మన చేతివాటం దానికి ఎన్ని రెట్లో మీరే ఊహించుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చినవారు ఈ నూనెను లోపలికి అసలు తీసుకోకూడదు, యూజినాల్‌కూ అదే గుణం ఉంది.

ఇక సీసాల దగ్గరికి వస్తాను. ఈ మధ్య నగరంలో మెడికల్ షాపు, పూజా సామగ్రి కొట్టు, అత్తరు కొట్టు తిరిగి లవంగ నూనె కొన్నాను. ఒకదాని మీద ఐ.పి. అని, అంటే భారత ఔషధ ప్రమాణాల ప్రకారం తయారైందని ఉంది. ఇంకొకదాని మీద "సువాసన కోసం" అని మాత్రమే ఉంది. మరొకదానికి చేతితో రాసిన కాగితం అంటించారు. ప్లాస్టిక్ సీసాలో పోసి ఇచ్చారు, నిజానికి ఈ నూనె కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ఏ మూతా పిల్లలు తీయలేనిది కాదు. "పంటికి పెట్టుకోవచ్చా?" అని అడిగితే ముగ్గురూ ఒకే జవాబిచ్చారు: "పెట్టుకోండమ్మా, ఏం కాదు."

ధర తేడా చూస్తే ఇంకో అనుమానం వస్తుంది. లవంగం శతాబ్దాలపాటు ఖరీదైన సరుకు. పద్దెనిమిదో శతాబ్దం దాకా ప్రపంచానికంతటికీ లవంగాలు ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవుల నుంచే వచ్చేవి. డచ్ కంపెనీ సాగును అంబన్ ప్రాంతానికే పరిమితం చేసి, మిగతా దీవుల్లో చెట్లు నరికించింది, ధర పడిపోకూడదని. 1770లో ఫ్రెంచివాళ్ళు పియరీ పువావ్ర్ పూనికతో మొక్కలు దొంగచాటుగా మారిషస్ చేర్చాకే ఆ పట్టు సడలింది. తర్వాత జాంజిబార్‌కు పాకింది. మన దేశంలో 1800 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ తమిళనాడులోని కుర్తాళంలో నాటించింది. కన్యాకుమారి లవంగానికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయినా మన అవసరానికి చాలినంత ఇక్కడ పండదు, దిగుమతి చేసుకుంటున్నాం. ఇంత ఖరీదైన మొగ్గ నుంచి తీసిన నూనె అంత చవకగా ఎలా వస్తుంది? ఆకు నుంచి, కాడ నుంచి తీసిన నూనె చవక, దాన్నే మొగ్గ నూనె పేరుతో అమ్మే వీలుంది. వేరే నూనెతో పలచన చేసి అమ్మే వీలూ ఉంది. నూనె తీసేసిన లవంగాలను మళ్ళీ మసాలాగా అమ్మడమూ తెలిసిన మోసమే. నీళ్ళలో వేస్తే మంచి లవంగం మునుగుతుంది, పిండేసింది తేలుతుంది. లవంగాన్నైతే గోటితో నొక్కి చూసుకోగలం. సీసాలో నూనెకు లేబుల్ తప్ప మనకు వేరే ఆధారం లేదు.

అందుకే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులను, ఆహార భద్రత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మందుగా అమ్మినా, సువాసనకని అమ్మినా సీసాలో ఉన్నది ఒకటే ద్రవం, ప్రమాదమూ ఒకటే. మొగ్గ నూనా, ఆకు నూనా, ఎంత శాతం అన్నది తెలుగులోనూ ఉర్దూలోనూ కనబడేలా ఉండాలి. "తాగరాదు, పిల్లలకు అందనివ్వరాదు" అన్న మాట మూత రంగుకన్నా ముందు కంటపడాలి. నొక్కి తిప్పితేగానీ రాని మూత తప్పనిసరి చేయాలి. కొన్ని దగ్గు మందు సీసాలకు అలాంటి మూతలు చూస్తూనే ఉన్నాం, దీనికి పెట్టడానికి అడ్డేమిటో నాకర్థం కాదు. విడిగా పోసి అమ్మడం ఆపాలి. దుకాణదారులను జరిమానాలతో బెదిరించడం కన్నా ముందు వాళ్ళకు విషయం చెప్పడం మంచిది. వాళ్ళలో చాలామందికి ఇది అగరుబత్తి లాంటి సరుకే.

మీకూ ఒక విన్నపం. ఆరోగ్యం పేజీలో ఈ చిట్కా మళ్ళీ వేస్తే నూనె బదులు లవంగం అని వేయండి, పెద్దవాళ్ళకు మాత్రమే అని చేర్చండి. దాని పక్కనే ఈ మూడు వాక్యాలు పెట్టండి: పిల్లవాడు లవంగ నూనె తాగితే వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చేసి, సీసాతో సహా నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పిల్లవాడు హుషారుగా కనిపించినా కాలేయ పరీక్షలు చేయించకుండా తిరిగి రాకండి, దెబ్బ మర్నాడు బయటపడవచ్చు. విషాలపై డాక్టర్లకూ ప్రజలకూ సలహా ఇచ్చే జాతీయ కేంద్రం ఢిల్లీ ఎయిమ్స్‌లో రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. దాని నంబరు కూడా సరిచూసి అదే చోట అచ్చువేయగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత ఫార్మసిస్టు,
చిక్కడపల్లి, హైదరాబాద్