వేసవి సెలవుల్లో వంటిల్లు, ఇంటి అమరిక: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

వార్షిక పరీక్షలు ముగిశాయి. జూన్‌లో బడి తిరిగి తెరిచేదాకా పిల్లలు పగలంతా ఇళ్లలోనే ఉంటారు. సెలవులు దగ్గరపడేకొద్దీ కార్యాలయానికి వచ్చే తల్లిదండ్రులు, ముఖ్యంగా ఎల్.కె.జి. నుంచి రెండో తరగతి వరకు చదివే పిల్లల తల్లిదండ్రులు, రెండు సంగతులు అడుగుతుంటారు. ఈ చెన్నై ఎండల్లో పిల్లలకు ఏం వండి పెట్టాలన్నది ఒకటి, రెండు గదుల అద్దె ఇంట్లో రోజంతా వాళ్లతో ఎలా వేగాలన్నది మరొకటి. ఈ రెండింటికీ జవాబు ఒకే చోట ఉందని నా నమ్మకం. వంటిల్లు ఎండ వేళలను బట్టి నడవాలి, ఇల్లు పిల్లల ఎత్తును బట్టి అమరాలి, ఆ రెండు పనుల్లోనూ పిల్లల చేయి పడాలి. వేసవి శిబిరాల రుసుము కట్టలేకపోతున్నామని కొందరు నొచ్చుకుంటూ చెప్పారు. అలా నొచ్చుకోవలసిన అవసరం లేదని చెప్పడానికే ఈ నెల వార్తాలేఖ మొత్తాన్ని ఈ విషయానికి కేటాయిస్తున్నాను.

ముందుగా చెన్నై ఎండ తీరు తెలుసుకోవడం మంచిది. మనలో చాలామంది నెల్లూరు, చిత్తూరు, కడప, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లం. కర్నూలులో గాలి పొడిగా ఉంటుంది కనుక తడిపిన వట్టివేళ్ల తడిక గదిని చల్లబరుస్తుంది, కుండలో నీళ్లు గొంతు జివ్వుమనేంత చల్లగా అవుతాయి. సముద్రం ఒడ్డున ఉన్న చెన్నైలో గాలిలోనే తేమ నిండి ఉండటం వల్ల తడి అంత త్వరగా ఆరదు, తడి ఆరనిదే చల్లదనం పుట్టదు. అందుకని ఇక్కడ గదిలో తడిబట్టలు వేలాడదీస్తే ఉక్కపోత పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇక్కడివారు అగ్ని నక్షత్రమని పిలిచే రోజులు మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా సాగుతాయి. 2003 మే 31న ఈ నగరంలో 45 డిగ్రీల ఎండ కాసింది. మధ్యాహ్నం తూర్పు నుంచి సముద్రపు గాలి తిరిగితే కొంత ఊరట దొరుకుతుంది, అది ఆలస్యమైన రోజున ఇల్లంతా ఉడికిపోతుంది. కాబట్టి ఉదయం తొమ్మిది దాటాక కిటికీలు మూసి, గాలి తిరిగాక తూర్పు కిటికీలు బార్లా తెరిచి, సాయంత్రం దాకా పడమటి కిటికీలకు తెర వేసి ఉంచడం ఖర్చు లేని మొదటి ఉపాయం.

వంట కూడా ఈ లెక్కలోనే సాగాలి. ఉదయం ఎనిమిదిలోపు పొయ్యి పని ముగించగలిగితే వంటింటి వేడి మధ్యాహ్నపు వేడికి తోడుకాదు. అందుకు ముందు రాత్రే సిద్ధం కావాలి. కందిపప్పును పడుకోబోయే ముందు నానబెడితే ఉదయం త్వరగా ఉడుకుతుంది. బియ్యం గిన్నె, పప్పు గిన్నె, దుంపల గిన్నె ఒకే కుక్కర్లో ఒకదానిపై ఒకటి పెడితే ఒక్క మంటతో మూడు పనులు తెమిలిపోతాయి, 14.2 కిలోల గ్యాసు బండ మరికొన్ని రోజులు ఎక్కువ వస్తుంది. పప్పులో పచ్చిమామిడి ముక్కలు వేయదలచుకుంటే పప్పు ఉడికాకే వేయాలి, పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు. ఇడ్లీ పిండి శీతాకాలంలో రాత్రంతా పులిస్తే, ఈ రోజుల్లో నాలుగైదు గంటలకే పొంగి గిన్నె దాటుతుంది. పొంగిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకపోతే మర్నాటికి పులుపెక్కి పిల్లలు నోట పెట్టరు.

రాత్రి మిగిలిన అన్నాన్ని ఏం చేయాలని ఒక తల్లి అడిగారు. మన పెద్దలు అన్నాన్ని నీళ్లలో నానబెట్టి పులియనిచ్చే తరవాణి కుండ పెట్టేవారు, ఇక్కడి తమిళ సోదరులు అలాంటిదే అయిన పళయ సోరు తింటారు. రెండూ ఈ వాతావరణానికి తగినవే. అయితే వండిన అన్నాన్ని బయట గంటల తరబడి వదిలేసి, తర్వాత ఎప్పుడో నీళ్లు పోయడం మాత్రం ప్రమాదం. ఆ వేడిలో చెడు క్రిములు పెరుగుతాయి, తిరిగి వేడి చేసినా వాటి విషం పోదు. అన్నం చల్లారగానే మునిగేదాకా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఒక చెంచా మజ్జిగ కలిపి, మూత పెట్టి, పొద్దున్నే తినేయాలి. వాసన తేడాగా ఉన్నా, జిగురు తీగలు సాగినా పారబోయడానికి సంకోచించవద్దు. ఏడాదిలోపు పాపలకు అప్పుడే వండినది తప్ప మరొకటి పెట్టకండి.

రాగుల గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే పెరిగే పిల్లలున్న ఇంట్లో ఇంత తక్కువ ధరకు ఇంత మేలు చేసే ధాన్యం మరొకటి నాకు కనబడలేదు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం, అంటే కాల్షియం, ఉంటుంది. బియ్యంలో ఉండేదానితో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. చెన్నై వీధుల్లో ఉదయం పూట బండ్ల మీద అమ్మే కేళ్వరగు కూళ్, మన రాగి అంబలి ఒకటే. ముందు రాత్రి రాగిపిండిని నీళ్లలో కలిపి ఉంచి, ఉదయం ఉడికించి, చల్లారాక మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ, చిటికెడు ఉప్పు కలిపితే పదకొండు గంటల ఆకలికి సరిపోతుంది. కొన్న చల్లని పానీయాల్లో చక్కెర తప్ప చెప్పుకోదగిన పోషకం ఉండదు. రెండేళ్లలోపు పిల్లల ఆహారంలో చక్కెర అసలే కలపకుండా ఉండటం మంచిది. మిగిలిన పిల్లలకు శ్రీరామనవమి పానకం ఆ ఒక్కరోజుకే పరిమితం కానక్కర్లేదు, బెల్లం కొంచెం తగ్గించి, మిరియాలు, యాలకులు వేసి ఎండ ఎక్కువైన రోజున చేసి ఇవ్వవచ్చు.

కోయంబేడు సంతకు వారానికోసారి ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లు కలిసి వెళ్లి, కూరగాయలు ఎక్కువ తూకంలో తెచ్చి పంచుకుంటే ధర కలిసివస్తుంది. ఈ కాలంలో సొరకాయ, బీరకాయ, పొట్లకాయ చౌక, నీటి శాతం ఎక్కువ, త్వరగా ఉడుకుతాయి. తాటి ముంజలు కోసిన రోజే తినాలి. ఆవకాయ పెట్టని ఇల్లు మనలో అరుదు గనుక ఒక్క మాట: చిన్న కుటుంబానికి పెద్ద జాడీ అవసరం లేదు. నాలుగైదు కాయలతో మొదలుపెట్టండి. ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమపాళ్లలో కలిపి, నూనె ముక్కల పైకి తేలేలా పోయండి. ఇక్కడి తేమ వల్ల ముక్కలను పొడిబట్టతో ఒకటికి రెండుసార్లు తుడవడం మన ఊళ్లలో కన్నా ముఖ్యం. ఆ తుడిచే పని పిల్లలది. కత్తి, కారం వాళ్లకు దూరంగా ఉంచి, కాయలు కడగడం, తుడవడం, గిన్నెలతో కొలవడం, పుదీనా ఆకులు దూయడం వాళ్లకు అప్పగించండి. తాను దూసిన పుదీనాతో చేసిన పచ్చడిని వద్దనే పిల్లలు తక్కువ.

భద్రతకు సంబంధించిన కొన్ని విషయాలు ఇక్కడే చెప్పేస్తాను. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు వేరుశనగ పలుకులు, ద్రాక్షపళ్లు అలాగే ఇవ్వకుండా పలుకులను పొడిచేసి, పళ్లను నిలువుగా కోసి ఇవ్వాలి, లేకపోతే గొంతులో అడ్డుపడవచ్చు. ఆరు నెలలలోపు పసికందుకు ఎంత ఎండగా ఉన్నా తల్లిపాలే చాలు, నీళ్లు పట్టనక్కర్లేదు. విరేచనాలు మొదలైతే మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొడి అన్నిటికన్నా మేలు. అది అందుబాటులో లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో అంచుకు సమంగా కొలిచిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. ఉప్పు అంతకు మించితే హాని. బిడ్డ మగతగా ఉన్నా, చాలాసేపటిగా మూత్రం రాకపోయినా ఇంట్లో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బడిపిల్లల కడుపు నింపడం ఈ నగరంలో తెలుగువారికి కొత్త పని కాదు. మనం నిత్యం తిరిగే త్యాగరాయ నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. వారు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పాఠశాల పిల్లలకు ఒక్కొక్కరికి రోజుకు అణాకు మించని ఖర్చుతో ఫలహారం పెట్టే ఏర్పాటు జరిగింది. తక్కువ ఖర్చుతో పెట్టే తిండి తక్కువ రకం తిండి కానవసరం లేదని ఆనాడే తేలింది. దేవాంగులు నేతపనివారు. ఇల్లు అలంకరించుకోవడానికి డబ్బు పెట్టదలిస్తే అది నేతగాడి మగ్గానికి చేరాలని నేను కోరుకుంటాను, అందుకే వారి పేరు తలచుకున్నాను.

అయితే కొత్తది కొనేముందు ఇంట్లో ఉన్నది బయటికి తీయండి. అమ్మమ్మల నాటి మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు చాలా ఇళ్లలో బీరువా అడుగున మడతల్లో చిరుగుతున్నాయి. సాధారణంగా ఐదున్నర మీటర్లుండే చీరలో ఏడడుగుల ద్వారతెరలు రెండు వస్తాయి, మిగిలిన మీటరు గుడ్డతో దిండు గలీబులు కుట్టవచ్చు. మీ వీధి దర్జీ తీసుకునే కుట్టుకూలి, దుకాణంలోని ఒక తెర ధర కన్నా తక్కువే ఉంటుంది. పడమటి కిటికీకి మాత్రం లోపల ఒక తెల్లని పాత దుప్పటి కలిపి కుట్టించండి, రంగు త్వరగా వెలిసిపోదు, ఎండా ఆగుతుంది. నేల మీద పరచడానికి ఒకటి కొనాలనుకుంటే తమిళనాడులోని భవాని ఊళ్లో నేసే జంబుఖానా గానీ పత్తమడై ఊళ్లో అల్లే కోరచాప గానీ చూడండి. 1935 నుంచి నడుస్తున్న కో-ఆప్టెక్స్ సహకార సంస్థ దుకాణాల్లో నేత దుప్పట్లు, జంబుఖానాలు దొరుకుతాయి. నున్నటి ప్లాస్టిక్ చాప చౌకే కానీ, ఈ తేమలో ఒంటికి అంటుకుని పిల్లలను నిద్రపోనివ్వదు.

అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వరన్నది అందరి బాధ. ఒక కిటికీ ఊచ నుంచి మరో ఊచకు పిల్లల కంటి ఎత్తులో కొబ్బరి తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వాళ్ల బొమ్మలు తగిలిస్తే మేకు అక్కర్లేదు. ఆ ఎత్తులో అంటే నిజంగానే వాళ్ల ఎత్తులో, పెద్దవాళ్లు తలెత్తి చూసే ఎత్తులో కాదు. అటక మీద దాచిన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలను కూడా కింది అరలోకి దించండి. చిన్న ముక్కలు ఊడివచ్చేవి మాత్రం మూడేళ్లు దాటిన పిల్లలకే ఇవ్వండి. బీరువా, పుస్తకాల అర పిల్లలు పట్టుకుని ఎక్కినా మీదపడకుండా గోడకు బిగించడానికి ఇంటి యజమానిని అడిగి అనుమతి తీసుకోండి. ఈ ఒక్క మేకు కోసం పట్టుబట్టవచ్చు.

గోడల రంగు విషయంలో పెద్ద జాగ్రత్త ఉంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం., అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన రంగు, ముఖ్యంగా కిటికీ ఊచలు, తలుపుల మీది నూనె రంగు పెచ్చులూడుతుంటే, ఆ దుమ్ము పిల్లల నోట్లోకి పోయి మెదడు ఎదుగుదలకు హాని చేయవచ్చు. జార్జ్ టౌన్, రాయపురం వంటి పాత పేటల్లో ఉండేవారు దీన్ని మరీ గట్టిగా పట్టించుకోవాలి. పొడిగా గీకవద్దు. పిల్లలను బంధువుల ఇంటికి పంపి, తడిపి గీకించి, తడిగుడ్డతో తుడిపించాకే కొత్త రంగు వేయించండి. మేడ మీది అంతస్తులో ఉన్నవారు యజమానితో మాట్లాడి, పైకప్పుకు తెల్ల సున్నం వేయిస్తే కింద గదిలో వేడి తగ్గుతుంది. సున్నం తడిగా ఉన్నంతసేపు పిల్లలను మేడ ఎక్కనివ్వకండి, అది కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది.

మొక్కలు ఇంటికి అన్నిటికన్నా చౌకైన అలంకారం. మనీప్లాంట్, డిఫెన్‌బాకియా వంటివి అందంగా ఉన్నా, ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది కనుక పాకే పాపలున్న ఇంట్లో అందకుండా ఉంచండి. వాటికి బదులు బచ్చలి తీగను పెంచమంటాను. ముదురు కాడ ఒకటి మట్టిలో గుచ్చితే చాలు, ఈ తేమకు అది కిటికీ ఊచల నిండా అల్లుకుని ఎండను ఆపుతుంది, పప్పులోకి ఆకూ ఇస్తుంది. తోటకూర గింజలు చల్లితే నెలలోపే కోతకు వస్తుంది. కుండీలు కోసపేట కుమ్మరుల దగ్గర దొరుకుతాయి. 2019 వేసవిలో ఈ నగరం నీళ్ల కోసం పడ్డ అవస్థ మీకు గుర్తుండే ఉంటుంది, కాబట్టి మొక్కలకు బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లే పోయండి. కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీటిని వారానికోసారైనా పారబోసి రుద్ది కడగాలి, డెంగ్యూ దోమ పెరిగేది అలాంటి నీటిలోనే.

బడి తరఫున ఒక్క కోరిక. పిల్లలు ఇంట్లో చేయి వేసిన ప్రతి వంటకాన్నీ, రెండో తరగతి దాటినవారైతే తమ చేతిరాతతో, చిన్నవారైతే మీ చేతిరాత కింద తమ బొమ్మతో, ఒక తెలుగు నోటుపుస్తకంలో రాయించండి. ఎంత బియ్యం, ఎన్ని గ్లాసుల నీళ్లు, ధర ఎంత అన్నవి కూడా అందులో ఉండాలి. బడి తెరిచాక గణితం, తెలుగు ఉపాధ్యాయులు ఆ పుస్తకాలతోనే మొదటి వారం పాఠాలు చెబుతారు. ప్రతి తరగతి కిటికీ దగ్గరా కుండీలకు చోటు ఉంచాం. ఇంట్లో పెంచిన బచ్చలి నుంచి ఒక కాడ తెచ్చిన పిల్లలు దాన్ని తరగతిలో నాటుతారు. ఇందుకోసం మొక్క గానీ కుండీ గానీ ఎవరూ కొనితేవద్దు, మట్టి, కుండీలు బడిలో ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు