అద్దె కోసం అప్పు చేసే ముందు సబ్ మీటరు లెక్క చూడండి

సంపాదకుడు గారికి,

అద్దెలు మోయలేనంతగా పెరిగాయని మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. కాదనేదేం లేదు. కానీ హైదరాబాద్ శివారు కాలనీల్లో పోర్షన్లలో ఉండే కుటుంబాల నెల ఖర్చు కాగితం మీద పెట్టిస్తే తేలేది ఇంకొకటి. అద్దెతో కలిపి ఓనర్ చేతికిచ్చే కరెంటు, నీళ్లు, మోటారు డబ్బులు ఒక దెబ్బ. ఆ లోటు పూడ్చడానికి తెచ్చే వారం అప్పు రెండో దెబ్బ. ఈ రెండింటి గురించే రాస్తున్నాను.

ముందు కరెంటు. ఒక సర్వీసు (కరెంటు కనెక్షన్) మీద మూడు పోర్షన్లు, ఒక్కోదానికి ఓనర్ పెట్టిన సబ్ మీటరు, యూనిట్‌కు 10 రూపాయలు. చాలా కాలనీల్లో ఇదే పద్ధతి. ఒక్కో ఇంట్లో నెలకు 90 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. విడి మీటరుంటే తెలంగాణలో కొన్నేళ్లుగా అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మొదటి 50 యూనిట్లకు 1.95 చొప్పున 97.50, మిగతా 40కి 3.10 చొప్పున 124, కలిపి 221 రూపాయల 50 పైసలు. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు దీనికి అదనం. సబ్ మీటరు మీద అదే కరెంటుకు ఇస్తున్నది 900.

ఇందులో ఓనర్ మిగుల్చుకునేది అంతా కాదు. మూడిళ్ల యూనిట్లు ఒకే మీటరు మీద పడి 270 అయ్యేసరికి బిల్లు 200 దాటిన స్లాబులోకి పోతుంది. 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020, పైనున్న 70కి 7.70 చొప్పున 539, వెరసి 1,559. సగటున యూనిట్‌కు 5.77 పడుతుంది. మూడిళ్ల నుంచి వసూలయ్యేది మాత్రం 2,700. మధ్యలో ఉన్న పదకొండు వందల చిల్లర మోటారుకనీ మెట్ల లైటుకనీ చెబుతారు. వాటికెంత కాలిందో మెయిన్ మీటరు బిల్లు చూపించి చెప్పమనండి. ఓనర్ బిల్లు చూపించనంటే యూఎస్‌సీ నంబరు (ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఉండే సర్వీసు నంబరు) మాత్రం తీసుకోండి. ఆ నంబరుతో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) యాప్‌లో ఎవరైనా బిల్లు చూడొచ్చు, కట్టొచ్చు కూడా. మీరిచ్చిన డబ్బు ఓనర్ కట్టక ఫ్యూజు తీసుకుపోయే గొడవ కూడా నేరుగా కడితే ఉండదు.

గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం సంగతి ఇంకా అన్యాయం. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న ఇంట్లో నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. అద్దెకున్నవారికీ ఇది వర్తిస్తుంది. రేషన్ కార్డు, ఆధార్, ఆ ఇంటి మీటరు యూఎస్‌సీ నంబరు ఉంటే చాలు. అయితే ఒక సర్వీసుకు ఒకే కార్డు. సర్వీసు మీద 200 దాటితే పైవాటికే కాదు, మొత్తం యూనిట్లకూ బిల్లు పడుతుంది. పై లెక్కలో మూడూ తెల్లకార్డు కుటుంబాలే అయినా, సున్నా రావాల్సిన చోట తలా 900 కడుతున్నాయన్నమాట. విడి మీటరున్నవాళ్లు ఇల్లు మారినప్పుడు చేసే పొరపాటు ఇంకొకటుంది. పాత ఇంటి యూఎస్‌సీ కార్డుకు అలాగే ఉండిపోతుంది, కొత్త ఇంటికి బిల్లు వస్తుంది. ప్రజాపాలన సేవా కేంద్రంలో నంబరు మార్పించుకోవాలి.

విడి మీటరు ఓనర్ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిందని అందరూ అనుకుంటారు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 43 చూడండి. ఇంటి యజమాని అడిగినా, అందులో నివసించేవారు అడిగినా కనెక్షన్ ఇవ్వాలనే ఉంది. కరెంటు సెక్షన్ ఆఫీసులో ఓనర్ సమ్మతి పత్రం అడుగుతారు. అది దొరకకపోతే ఇండెమ్నిటీ బాండ్ (నష్టం వస్తే మేమే భరిస్తామనే పత్రం) రాసిచ్చి, మామూలు డిపాజిట్‌కు మూడు రెట్లు కట్టాలి. ఖర్చే, పైగా ఓనర్‌తో చెడుతుంది. అందుకే ముందు ఓనర్‌కు లెక్క చూపించి, డిపాజిట్, వైరింగ్ ఖర్చు మూడు ఇళ్లవాళ్లం పంచుకుంటామని అడగడం మంచిది. చాలామంది ఒప్పుకుంటారు, బిల్లు వసూలు చేసే తలనొప్పి వాళ్లకూ తప్పుతుంది కదా.

విడి మీటరు వచ్చేదాకా ఉన్న సబ్ మీటరును పరీక్షించుకోండి. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ తీసి, మీటరు మీది ఎర్ర లైటు చూడాలి. ఇంకా మిణుకుమంటుంటే పక్క పోర్షన్ వైరో, కామన్ లైటో మీ మీటరులో కలిసి ఉంది. తర్వాత 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్‌ను బకెట్ నీళ్లలో ముంచాకే ఆన్ చేసి 6 నిమిషాలు ఉంచండి. కాలాల్సింది 0.1 యూనిట్. మీటరు ముఖం మీద యూనిట్‌కు 3200 అని ముద్రించి ఉంటే ఈ 6 నిమిషాల్లో లైటు సుమారు 320 సార్లు వెలగాలి. 1600 అని ఉంటే 160 సార్లు. వోల్టేజీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. 3200 మీటరులో 400, 1600 మీటరులో 200 దాటిందంటే మాత్రం మీటరు మార్చమని అడగాల్సిందే. రీడింగ్ తీసిన రోజు ఫోటో తీసి పెట్టుకోండి.

బిల్లులో ఒక్కోసారి ఏసీడీ అని వెయ్యి, రెండు వేలు అదనంగా కనిపిస్తుంది. అది వాడకం చార్జీ కాదు, అదనపు డిపాజిట్. సర్వీసు ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాలో వడ్డీతో సహా ఉంటుంది. మీరు కట్టి ఇల్లు ఖాళీ చేస్తే ఆ డబ్బు ఓనర్‌దే అవుతుంది. కాబట్టి అద్దెలో మినహాయించుకుంటామని ముందే చెప్పండి. నీళ్లకూ ఇలాంటి లెక్కే ఉంది. గ్రేటర్‌లో మీటరు పనిచేస్తూ, ఆధార్ అనుసంధానమైన గృహ కనెక్షన్‌కు నెలకు 20 వేల లీటర్లు ఉచితం. అయినా ‘మంజీరా నీళ్ల డబ్బులు’ వసూలు చేస్తుంటే క్యాన్ నంబరు (నీటి కనెక్షన్ ఖాతా నంబరు) అడిగి బిల్లు చూడాలి.

ఇక అద్దె. రెంట్ కంట్రోల్ చట్టం కాపాడుతుందని నమ్మి కూర్చునేవారు చాలామంది. 1960 నాటి ఆ చట్టం నగరపాలక సంస్థల్లో నెలకు 3,500, ఇతర చోట్ల 2,000 దాటిన అద్దెలకు వర్తించదు. 2005లో పెట్టిన పరిమితి అది. ఇవాళ హైదరాబాద్‌లో ఆ డబ్బుకు స్కూటర్ పెట్టుకునే జాగా వస్తే గొప్ప. అంతకు మించిన అద్దెలకు ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. నెలవారీ అద్దె అయితే సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి, అప్పటికీ ఖాళీ చేయకపోతే ఓనర్ సివిల్ కోర్టుకు పోవాలి. తనంతట తాను తాళం వేయడానికీ, సామాను ఆపుకోవడానికీ ఆయనకు హక్కు లేదు. బలవంతంగా బయటికి పంపితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల్లోగా దావా వేసి తిరిగి ఇంట్లోకి రావచ్చు.

అంటే అద్దె ఒక నెల ఆలస్యమైతే మర్నాడే రోడ్డున పడరు. అయినా భయంతో యాప్ అప్పు తెస్తారు. 5,000 మంజూరంటాడు, చేతికి 3,500 వేస్తాడు, ఏడో రోజుకు 5,000 కట్టమంటాడు. చేతికందిన దాని మీద వారానికి దాదాపు 43 శాతం. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారి దీనిముందు ధర్మాత్ముడు. దీనికంటే ఓనర్‌కు ఇలా మెసేజ్ పెట్టడం మేలు: “సార్, ఈ నెల అద్దె 9,000లో 5,000 ఇప్పుడే పంపాను. ఈ నెల 20న 2,000, వచ్చే నెల 5న 2,000 ఇస్తాను.” నోటిమాటగా చెబితే తర్వాత ‘అసలు ఇవ్వనేలేదు’ అనే మాట వస్తుంది. ఫోన్‌పేలో పంపేటప్పుడు ఏ నెల అద్దెనో రాయండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోసుకునే ఆనవాయితీ ఉంది. అడ్వాన్స్ ఇచ్చే రోజే అదెంతో అగ్రిమెంటులో రాయించాలి.

అప్పటికే అప్పులుంటే ఎవరు ఎక్కువ అరిస్తే వాళ్లకు ముందు కట్టడం పెద్ద తప్పు. తాకట్టు బంగారం వేలానికి పోతుంది కాబట్టి కనీసం వడ్డీ కట్టి దాన్ని ఆపాలి. క్రెడిట్ కార్డు, యాప్ అప్పులకు తాకట్టేమీ ఉండదు, వాటి వంతు తర్వాత. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పు ఇచ్చేటప్పుడు ఆ ఇంటి అన్ని అప్పుల వాయిదాలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం మించకూడదు. మీకు ఇంకో గ్రూపు లోన్ ఇస్తామని వచ్చినవాళ్లను ఈ మాట అడగండి. బ్యాంకుకో, ఫైనాన్స్ కంపెనీకో ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఫోన్ 14448. ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరించే యాప్‌లకైతే 1930.

ఓనర్‌తో తగువు ముదిరితే వకీలు ఫీజు కోసం మళ్లీ అప్పు వద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది, ఫోన్ 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు.

ప్రభుత్వాన్ని కోరేది రెండే. డిస్కంలు కాలనీల్లో శిబిరాలు పెట్టి, సబ్ మీటర్ల కింద ఉన్న తెల్లకార్డు కుటుంబాలకు విడి సర్వీసులివ్వాలి, డిపాజిట్ వాయిదాల్లో తీసుకోవాలి. రెంట్ కంట్రోల్ చట్టంలోని 3,500 పరిమితిని ఇప్పటి అద్దెలకు తగ్గట్టు సవరించాలి.

— ఒక పారా లీగల్ వాలంటీర్, ఉప్పల్