తలకు 32 రూపాయలు

సంపాదకులకు నమస్కారం.

కాలేజీ పిల్లల్లో పెరుగుతున్న కులాభిమానం మీద పోయిన వారం మీ పత్రికలో వ్యాసం వచ్చింది. తప్పంతా సెల్‌ఫోన్లదీ సినిమాలదీ రాజకీయ నాయకులదీ అని రాశారు. కాదనను. అయితే పేజీ అంతా వెతికినా అందులో ఒక మనిషి కనపడలేదు. ఆ బండ్ల మీద ఆ స్టిక్కర్లు కోసి అంటించేవాడు. ఆ పని చేసినవాణ్ణి నేను. అందుకే ఈ ఉత్తరం.

మాది తెనాలి. 1990లో పదహారేళ్ళప్పుడు బోర్డులు రాసే ఒక ఆర్టిస్టు దగ్గర చేరి బ్రష్షు పట్టుకున్నాను. గుడ్డ బ్యానర్లు, గోడరాతలు, లారీల వెనక పద్యాలు. కంప్యూటర్ వచ్చాక బ్రష్షుకి పని పోయింది. అప్పు చేసి స్టిక్కర్లు కోసే మిషను, కటింగ్ ప్లాటర్, కొన్నాను. కంప్యూటర్లో తెలుగు అక్షరాల కోసం అనూ ఫాంట్లు నేర్చుకున్నాను. ఇప్పుడు రేడియం స్టిక్కర్లు, నంబరు ప్లేట్లు, ఫ్లెక్సీ డిజైన్లు. ఫ్లెక్సీ ప్రింటు తీసేది గుంటూరులో, బొమ్మ తయారయ్యేది నా దగ్గర. ఏ కులం పిల్లలొస్తారని అడక్కండి. అందరూ వస్తారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మన దగ్గర సమానత్వం ఉంది.

ఒకప్పుడు కుర్రాళ్ళు బండి మీద ఏం రాయించుకునేవాళ్ళు? ‘అమ్మ దీవెన’, ‘నాన్న కష్టం’, ఇలవేల్పు పేరు, మేనకోడలి పేరు. తరవాత వచ్చిన ఆర్డర్లలో సగం కులం పేరు, దాని పక్కన ఒక మృగం. సింహం, పులి, డేగ. ఇన్నాళ్ళుగా గమనిస్తున్నాను, గేదె బొమ్మ వేయమని మాత్రం ఎవరూ అడగలేదు, ఇంట్లో పాలిచ్చేది అదే అయినా.

ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు ఐదుగురు కుర్రాళ్ళు బండ్ల మీద వచ్చారు. నలుగురికి కులం పేరు, కింద పులిపంజా. ప్లాటర్ కోస్తుంటే నేను సూదితో అక్షరాల మధ్య అక్కర్లేని రేకు పీకుతున్నాను. ఐదోవాడు పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ‘నీకొద్దా అబ్బాయ్?’ అన్నాను, బేరం కోసమే. ‘నాకెందుకులే బాబాయ్’ అన్నాడు. మిగతా నలుగురూ ఏమీ అనలేదు. చూశారంతే. రెండు మూడు క్షణాలు ప్లాటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ కుర్రాడు ఫోను జేబులో పెట్టుకుని, ‘సరే, నాక్కూడా వెయ్యి. చిన్నది’ అన్నాడు.

చిన్నది వేశాను. నలభై రూపాయలు.

దసరాకి అదే కుర్రాడు పెట్రోల్ ట్యాంకుకి రెండు పక్కలా పట్టేంత పెద్దది కావాలని వచ్చాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు నా స్టూలు మీద కూర్చుని, తమ కులంవాళ్ళు ఏ కోటలు ఏలారో, ఎవర్ని ఓడించారో అరగంట చెప్పాడు. ‘చిన్నది’ అన్ననాటికి వాడికి ఆ రాజులెవరూ తెలియదు. ముందు స్టిక్కరు అంటింది, రాజులు తరవాత వచ్చారు. మీ వ్యాసంలో ఈ వరస తిరగబడింది. పిల్లల బుర్రలో పిచ్చి ముదిరి బండి మీదికి వస్తుందని రాశారు. నా షాపులో నేను చూసేది మాత్రం ముందు బండి మీద అంటి, తరవాత బుర్రలోకి పోవడమే.

ఫ్లెక్సీల సంగతి ఇంకా విచిత్రం. పది అడుగులు, ఎనిమిది అడుగులు అంటే ఎనభై చదరపుటడుగులు. అడుగు 12 రూపాయల చొప్పున 960. ముప్పైమంది పంచుకుంటే తలకు 32 రూపాయలు. నిజంగానే తలకు! ఫొటోల్లోంచి తలలే కదా కత్తిరించి పెడతాను. పైన పెద్ద నాయకుడు, మధ్యలో పుట్టినరోజు కుర్రాడు, కింద రెండు వరసల్లో తలలు. ఎవరు ముందు వరస, ఎవరి తల ఎంత సైజు అని నా కంప్యూటర్ వెనక నిలబడి గంటలకొద్దీ తగువులాడతారు. ఒకసారి పొరపాటున ఒకడి తల వదిలేశాను. పొద్దున్నే వాళ్ళమ్మ ఫోను చేసింది. ‘మావాడు అన్నం తినలేదు బాబూ, ఊళ్ళో అందరి ముఖాలూ ఉండి వాడిది లేకపోతే ఏమనుకుంటారు?’ అంది. ఆవిడ గొంతులో కులం లేదు, పిల్లాడు ఒంటరివాడైపోతాడన్న భయం ఉంది. నా ఖర్చుతో ఇంకో ఫ్లెక్సీ వేయించి ఇచ్చాను.

నా ఇంటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఊళ్ళోవాళ్ళ పిల్లల మీద పడ్డట్టు ఉంటుంది. మా అబ్బాయి పై జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు. చేరిన రెండో రోజే సీనియర్లు ‘మీ ఇంటిపేరేంటి?’ అని అడిగారట. మన దగ్గర ఆ ప్రశ్నకి అర్థం ఏమిటో మీకు తెలుసు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు, ఊరితోనూ తేలకపోతే ‘ఫలానా వాళ్ళు మీకేమవుతారు?’ చివరికి ‘మనోడే’ అని తేల్చుకుని వాట్సాప్ గ్రూపులో చేర్చారు. రెండో నెలలో ఫోను చేసి, నలభైమందికి స్టిక్కర్లు కావాలి, మనవాళ్ళకి రేటు తగ్గించి ఇవ్వు అన్నాడు. అరిచాను. వాడు శాంతంగానే చెప్పాడు: ‘నాన్నా, బయట రూము ఇప్పించింది వాళ్ళే. ల్యాబు రికార్డులు, పాత ప్రశ్నపత్రాలు గ్రూపులోనే వస్తాయి. జ్వరమొస్తే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళింది కూడా వాళ్ళే. స్టిక్కరు వద్దని ఎలా అనను?’

నా దగ్గర జవాబు లేదు. వాడికి కులం మీద నమ్మకం కలిగించింది ఉపన్యాసం కాదు, ల్యాబు రికార్డు. కాలేజీ ఇవ్వాల్సింది గుంపు ఇస్తోంది. ఫీజు కట్టించుకున్నవాళ్ళు పిల్లాడికి రూము చూపించరు, సీనియర్‌ని అప్పజెప్పరు, జ్వరమొస్తే పలకరించరు. మొదటి వారంలోనే రోల్ నంబర్ల వరసలో నలుగురు కొత్తవాళ్ళకి ఒక సీనియర్‌ని అప్పగిస్తే, రూములు కూడా ఆ వరసలోనే ఇస్తే, పాత రికార్డులు లైబ్రరీలో అందరికీ పెడితే, ఇంటిపేరు అడిగేవాడికి ఇవ్వడానికి ఏం మిగులుతుంది? ఇది పెద్ద ఖర్చు కూడా కాదు.

నిషేధించాలని మీ వ్యాసకర్త రాశారు. తమిళనాడులో బడిపిల్లలు కులానికో రంగు దారం చేతికి కట్టుకుని వస్తుంటారు. 2023లో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంట్లోకి చొరబడి కొడవళ్ళతో నరికారు. అడ్డుపడిన చెల్లెల్ని కూడా. ఇద్దరూ బతికారు. తరవాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇస్తూ ఆ దారాలు ఆపించమని సిఫారసు చేసింది. 2025 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బండ్ల మీద కులం పేర్లు తీసేయమని ఉత్తర్వు ఇచ్చింది. మంచివే. కానీ ఈ వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, మా ఊళ్ళో ఒకసారి పోలీసులు కులం స్టిక్కర్లకి చలానా రాస్తే, మర్నాడే కుర్రాళ్ళు వచ్చి ‘పేరు వద్దు బాబాయ్, పులి ఒక్కటి చాలు’ అన్నారు. పులిని ఆపితే ఏదో ఒక అంకె వేయించుకుంటారు. ఏ గుర్తు ఆపినా ఇంకో గుర్తు తయారుచేసి ఇచ్చేది మేమే. ఎవరికి తెలియాలో వాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది.

పాత విషయం ఒకటి. 1991 ఆగస్టు 6న మా తెనాలికి పక్కనే ఉన్న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. దానికి ముందు నెలలో సినిమా హాల్లో ఒక కుర్రాడి కాలు ఇంకో కులం కుర్రాడికి తగిలింది, అక్కడ రాజుకుంది. నాకప్పుడు పదిహేడేళ్ళు. మా గురువుగారి దగ్గర ఆ నెలంతా నిరసన బ్యానర్లే రాశాం, నల్ల రంగు డబ్బాలు మీద డబ్బాలు అయిపోయాయి. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, 2014లో హైకోర్టు శిక్షలు కొట్టేసింది. ఇందాక చెప్పిన రాజుల కుర్రాడిది కూడా ఇక్కడికి దగ్గర ఊరే. మాటల్లో చుండూరు ప్రస్తావన వస్తే, ‘చుండూరులో ఏమైంది బాబాయ్?’ అని అడిగాడు. వందల ఏళ్ళనాటి కోటలు వాడికి తెలుసు. వాళ్ళ నాన్న కుర్రతనంలో పక్కూళ్ళో జరిగింది మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. పోయిన ఏడాది ఒక బీఈడీ అమ్మాయి చార్టు ప్రింటు కోసం వచ్చింది. ఎడమ పక్క ఒక గీత, కుడి పక్క పొడుగూ పొట్టీ మూడు గీతలు, అంతే. ఇంత చిన్న పనికి చార్టెందుకమ్మా అంటే చెప్పింది. 1951లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగమట. ఒక గదిలో కొంతమందిని కూర్చోబెట్టి, ఎడమ గీతతో సమానమైనది కుడివైపు ఏది అని అడుగుతారు. చంటిపిల్లాడికైనా తెలిసిపోతుంది. కానీ ఆ గదిలో ఒక్కడే అసలు మనిషి, మిగిలిన వాళ్ళంతా ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్ళు. అందరూ ఒకే తప్పు గీత చూపిస్తారు. 18 సార్లు అడిగితే 12 సార్లు తప్పే చెబుతారు. చివర్లో వంతు వచ్చిన ఆ ఒక్కడూ ఏం చేస్తాడు? నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పే చెప్పారట, కళ్ళెదుట గీత కనపడుతూనే.

‘అంతా గొర్రెలేనన్నమాట’ అన్నాను. ‘కాదంకుల్, రెండో సగం వినండి’ అంది. ఆ గదిలో ఇంకొక్కడు నిజం చెబితే చాలట, ఆ మనిషి తప్పులు పావు వంతుకి పడిపోయాయి. గుంపంతా మారనక్కర్లేదు, ఒక్కడు చాలు.

ఆ రాత్రి షట్టరు దించాక ఆ ఐదో కుర్రాడు గుర్తొచ్చాడు. ‘నాకెందుకులే’ అన్నప్పుడు నలుగురూ చూశారని రాశాను. షాపులో ఆరోవాణ్ణి నేనున్నాను కదా. నేనేం చేశాను? సూది చేతిలో పట్టుకుని, నలభై రూపాయల కోసం వాడి ముఖంలోకి చూశాను. ఆ గదిలో ముందే మాట్లాడుకుని కూర్చున్నవాళ్ళలో నేనొకణ్ణి.

గుంపంటే చెడ్డదేనని నేననడం లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేసినప్పుడు ఊరంతా ఎదురు తిరిగితే, అండగా నిలబడింది ఆయన విద్యార్థులే. వాళ్ళూ కుర్రాళ్ళే, వాళ్ళదీ గుంపే. పంతులుగారి జయంతికి ఒక బడికి ఫ్లెక్సీ వేసినప్పుడు మాస్టారు ఈ సంగతి చెప్పారు. అందులో తలలు పెట్టమని ఎవరూ అడగలేదు.

అప్పట్నుంచి ఒక చిన్న పని మొదలుపెట్టాను. గుంపులో ఎవడైనా వెనక్కి తగ్గుతుంటే, నేనే ముందు ‘వాడికొద్దులే, పెయింటు పాడవుతుంది’ అంటాను. పెయింటు సాకే గానీ, ఆ కుర్రాడి భుజాలు ఒక్కసారి కిందికి దిగడం కనపడుతుంది. కులం పేర్ల స్టిక్కర్లు ఇప్పుడు నేను కోయడం లేదు. గిరాకీ ఎదురు షాపుకి పోయింది. తలల ఫ్లెక్సీలు మాత్రం మానలేదు. మానితే షాపు అద్దె రాదు. ఈ మాట దాచి పెద్దమనిషిలా రాయడం నాకిష్టం లేదు.

పోయిన నెల రాజుల కుర్రాడు మళ్ళీ వచ్చాడు, ఒక్కడే, చీకటి పడ్డాక. బెంగళూరులో ఉద్యోగం వచ్చిందట, బండి తీసుకెళ్తున్నాడు. ట్యాంకు మీద స్టిక్కరు తీసేయమన్నాడు. ఎందుకని నేనడగలేదు, వాడూ చెప్పలేదు. హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి, మూల నుంచి మెల్లగా లాగాను. వచ్చేసింది. కానీ ఎండకి ట్యాంకు రంగంతా వెలిసిపోయింది, స్టిక్కరు కింద మాత్రం కొత్త రంగు అలాగే ఉంది. తీసేసిన పేరు ముందుకంటే బాగా కనపడుతోంది. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం.

‘దీని మీద ఏం వేస్తే బావుంటుంది బాబాయ్?’ అన్నాడు. ‘ఏమీ లేకుండా నల్ల పట్టీ వేస్తాను’ అన్నాను. సరేనన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

వ్యాపారం చేసుకునేవాణ్ణి, దయచేసి నా పేరు, షాపు పేరు అచ్చువేయకండి.

ఇట్లు,
ఒక స్టిక్కరింగ్ షాపు యజమాని,
తెనాలి.