ఆగస్టు కెన్యా ట్రిప్పు గురించి ఉన్నదున్నట్టు

నమస్కారం.

ఆగస్టులో మాతో కెన్యా వచ్చిన 14 మందిలో ఆరుగురు ఫోన్ చేసి మెచ్చుకున్నారు, నలుగురు తిట్టారు, ముగ్గురు ఏమీ అనలేదు. ఒకాయన డబ్బు వెనక్కి అడిగారు. వచ్చే ట్రిప్పుకి అడ్వాన్సు కట్టినవాళ్లు వీళ్లందరినీ వాకబు చేసి, ఒకరు స్వర్గం అంటుంటే ఇంకొకరు దండగ అంటున్నారు, ఏది నిజం అని నన్ను అడుగుతున్నారు. రెండూ నిజమే. మా ట్రావెల్ ఆఫీసంటే నేను, మా ఆవిడ, ఇద్దరు కుర్రాళ్లు. కాబట్టి జవాబు చెప్పాల్సింది నేనే.

ముందు డబ్బు అడిగిన పెద్దమనిషి సంగతి. "నది దాటడం చూపిస్తామన్నారు, చూపించలేదు" అన్నారాయన. మా పోస్టర్ మీద మారా నదిలోకి దూకుతున్న వైల్డ్‌బీస్ట్ మంద బొమ్మ వేయించి, కింద 'కళ్లారా చూడండి' అని రాయించింది నేనే. ఎద్దు తల, గుర్రం తోక, మేక గడ్డం తెచ్చి అతికించినట్టుండే జంతువది. స్వాహిలీలో న్యుంబు అంటారు. పది లక్షలకు పైగా ఉన్న ఆ మంద పచ్చగడ్డి కోసం ఏడాది పొడవునా టాంజానియాలోని సెరెంగెటి, కెన్యాలోని మసాయి మారా అభయారణ్యాల మధ్య తిరుగుతూ ఉంటుంది. మామూలుగా జూలై నుంచి అక్టోబరు దాకా మారా వైపు ఉంటుంది. ఏ రోజు, ఏ రేవులో నదిలోకి దిగుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఈ మాట నాకు తెలుసు. పోస్టర్ మీద వేయలేదు.

ఆ రోజు రెండు బండ్లూ ఒడ్డున ఆగాయి. మంద గట్టు దాకా వచ్చింది, ముందున్నవి నీళ్లలోకి చూశాయి, వెనక్కి తిరిగాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ తిరిగాయి. రెండో బండివాళ్లు రెండు గంటలకే విసిగి కదిలారు. వాళ్లకు దారిలో చీతా ఒక చిన్న జింకను తరిమి పట్టుకోవడం కనిపించింది. నేనున్న మొదటి బండి నాలుగు గంటలు కాచుకుంది. చివరికి ఏం చూసి బెదిరాయో ఏమో, దుమ్ము లేపుకుంటూ అన్నీ వెనక్కి పోయాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర రెండో బండివాళ్లు ఫోన్లలో వీడియోలు చూపిస్తుంటే మొదటి బండివాళ్లు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఒక ఫిర్యాదు మాత్రం ఒప్పుకోను. "మిగతా బండ్లన్నీ గట్టు అంచుకు వెళ్తే మన డ్రైవర్ వెనక ఆపాడు" అన్నారు ఇద్దరు. ఆయన చేసిందే సరి. 2025 జూలైలో సెరెంగెటి వైపు సందర్శకులు బండ్లు దిగి, నదికి వస్తున్న మందకే అడ్డంగా నిలబడ్డ వీడియో లోకమంతా తిరిగింది. మారాలో సింహం, చిరుతపులి లాంటివి కనిపించినప్పుడు ఐదు బండ్లకు మించి చుట్టూ ఉండకూడదని నిబంధన. పాటించేవాళ్లు తక్కువ. పాటించే డ్రైవర్ దొరికితే నేను వదులుకోను.

చిరుతపులి అన్నాను కదా, అక్కడ ఇంకో తకరారు. మన పేపర్లలో చిరుత అంటే ఒకసారి లెపర్డ్, ఒకసారి చీతా. నేనూ బ్రోషర్‌లో 'చిరుత' అని రాసి వదిలేశాను. రెండూ వేరు. చీతా పగలే మైదానంలో పరుగెత్తుతుంది, కళ్ల కింద కన్నీటి చారల్లాంటి నల్లగీతలుంటాయి. లెపర్డ్ చెట్టెక్కి కొమ్మల్లో పడుకుంటుంది, కనపడటం కష్టం. అక్కడివాళ్లు చీతాను దుమా, లెపర్డ్‌ను చుయి అంటారు, వాళ్లకు ఏ గొడవా లేదు. రెండో బండివాళ్లు చీతాను చూసి, సఫారీకి వెళ్లేవాళ్లంతా చూడాలనుకునే ఐదు జంతువులు, అదే 'బిగ్ ఫైవ్'లో ఒకటి అయిపోయిందనుకున్నారు. ఆ ఐదు సింహం, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం, లెపర్డ్. చీతా అందులో లేదు.

ఆ లెపర్డ్ చివరి రోజు పొద్దున మొదటి బండికి కనిపించింది, అత్తిచెట్టు కొమ్మ మీద, తోక వేలాడేసి. "ఇంకొక్క పది నిమిషాలు" అని డ్రైవర్ని ఆపింది నేను. మారా లోపల బస చేసినవాళ్లు వెళ్లిపోయే రోజు పొద్దున 10 లోపు గేటు దాటాలి, లేదంటే ఇంకో టికెట్. 2024 నుంచి జూలై-డిసెంబరు మధ్య విదేశీయులకు ఆ టికెట్ రోజుకు 200 డాలర్లు. సెకెనాని గేటు దగ్గరికి వచ్చేసరికి 10 దాటింది. తలకు 200 చొప్పున ఏడుగురికి 1,400 డాలర్లు. నా దగ్గర అంత లేక ఆ బండిలో ఉన్న మీ దగ్గరే వసూలు చేశాను. అది తప్పు. 'పార్కు ఫీజులన్నీ కలిపే' అని రాసిచ్చిన మనిషి గేటు దగ్గర చెయ్యి చాపకూడదు. ఏడుగురికీ ఆ డబ్బు ఖాతాల్లో వేసేశాను. రాకపోతే చెప్పండి.

ఎక్కువమంది తిట్టింది మాత్రం ప్రయాణాన్ని. ఏడు రాత్రుల్లో అంబోసెలి, నకూరు, మారా, మూడు పార్కులనూ ఇరికించాను, పేర్లు ఎక్కువుంటే బేరం బాగుంటుందని. అంబోసెలి నుంచి నైరోబీ మీదుగా నకూరు అంటే పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగడం. "జంతువుల కన్నా ముందు సీటు వెనక భాగాన్నే ఎక్కువ చూశాను" అన్నారు ఒక మేడం. పైగా నకూరులో నేను చూపించిన ఫొటో పాతది. సరస్సు గులాబీ రంగులో ఉండేంత ఫ్లెమింగోలు ఒకప్పటి మాట. కొన్నేళ్లుగా అక్కడ నీటిమట్టం పెరిగి చాలా పక్షులు బొగోరియా లాంటి వేరే సరస్సులకు పోయాయి. మాకు ఖడ్గమృగాలు కనిపించాయి కాబట్టి నా పరువు కొంత నిలిచింది.

అంబోసెలి మీద మాత్రం ఒక్క మాట రాలేదు. ఏనుగులు పిల్లల్ని మధ్యలో పెట్టుకుని మన బండి ముందు నుంచే దాటి, బురదనీళ్లలో పొట్టదాకా దిగి గడ్డి పీకుతుంటే ఎవరూ టైము చూసుకోలేదు. ఆ చిత్తడి నేలలకు నీళ్లు కిలిమంజారో నుంచే వస్తాయి, భూమి లోపల నుంచి. 5,895 మీటర్ల ఆ కొండ ఉన్నది టాంజానియాలో, బాగా కనిపించేది ఇక్కడి నుంచి. అదీ తెల్లవారుజామున. కాసేపటికే మబ్బు కమ్మేస్తుంది. రాజమండ్రి నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒక్కరే ఐదున్నరకు లేచి శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాలు చూశారట. మిగతావాళ్లు టిఫిన్ చేసి వచ్చేసరికి తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. అందరినీ లేపాల్సింది నేను. నిద్రపోయాను.

శాలువా అంటే గుర్తొచ్చింది. ఆఫ్రికా కదా అని 'కాటన్ బట్టలు చాలు' అని రాశాను. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, జూలై, ఆగస్టుల్లోనే అక్కడ చలి. పొద్దున ఆరింటికి పైకప్పు ఎత్తిన వ్యానులో స్వెట్టర్ లేకుండా నిలబడ్డవాళ్లు నన్ను ఏమనుకున్నారో నాకు తెలుసు. ఆవకాయ, గోంగూర పచ్చళ్లు తేవచ్చు గానీ క్యారీ బ్యాగుల్లో వద్దు. 2017 నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. ఈసారి నుంచి గుడ్డ సంచులు మేమే ఇస్తాం.

పిల్లలతో వచ్చేవాళ్లకు ఒక మాట. దుమ్ములగొండులు, అదే హైనాలు, జీబ్రాను ప్రాణం ఉండగానే తినడం మొదలుపెట్టాయి ఒకచోట. ఎనిమిదేళ్ల పాప రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ముందే చెప్పాల్సింది. ఇక నుంచి అలాంటిది కనిపిస్తే బండిలో అందరినీ అడిగాకే ఆగుతాం.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి కూడా. కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. 60 దాటినవాళ్లు మాత్రం ముందు తమ డాక్టర్ని అడగాలి. అడ్వాన్సు తీసుకున్నాక చెప్పడం వల్ల ఇద్దరు పెద్దవాళ్లు టెన్షన్ పడ్డారు. ఇక డాక్టర్ సరే అన్నాకే అడ్వాన్సు.

వచ్చే ఏడాది ప్లాను మార్చేశాను. నకూరు తీసేశాను. అంబోసెలిలో రెండు రాత్రులు, మారాలో నాలుగు. వ్యానులు కాదు, ల్యాండ్ క్రూజర్లు, బండికి ఆరుగురే, అందరికీ కిటికీ. రెండు బ్యాచ్‌లు. జూన్ మొదటి వారం: మారా టికెట్ అప్పుడు 100 డాలర్లే, జనం తక్కువ, సింహాలూ ఏనుగులూ ఎప్పుడూ ఉండేవే. నది దాటే మంద మాత్రం అప్పటికి రాకపోవచ్చు. సెప్టెంబరు: మంద ఉండే కాలం, దాటుతుందని నేను రాసివ్వను. చివరి రోజు పొద్దున తిరగడాలు లేవు. టీ తాగి తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉంటాం, చెట్టు మీద ఏమున్నా సరే.

ధర పెరుగుతుంది. మొన్న తలకు 2 లక్షల 90 వేలు. ఇప్పుడు జూన్‌కి 3 లక్షల 20 వేలు, సెప్టెంబరుకి 3 లక్షల 95 వేలు. పాత ధర చూసి అడ్వాన్సు కట్టినవాళ్లు ఈ నెలాఖరు లోపు ఎప్పుడు అడిగినా మొత్తం తిరిగి ఇస్తాను, కారణం అడగను.

డబ్బు వెనక్కి అడిగిన పెద్దమనిషికి 25 వేలు ఇస్తానన్నాను, పోస్టర్ నాది కాబట్టి. ఆయన ఇంకా అవుననలేదు, కాదనలేదు. మాస్టారు మాత్రం సెప్టెంబరు బ్యాచ్‌లో పేరు రాయించుకున్నారు, మొదటి బండిలోనే.